సర్దిన కేబినెట్లు రెండు వారాలకే ఎందుకు చెదిరిపోతాయి

మీరు అడిగింది ఇదీ: వంటింట్లో కేబినెట్లకు కొదవ లేదు, అయినా కావాల్సిన వేళకు ఏదీ చేతికి రాదు. బుట్టలు, డబ్బాలు కొని రెండుసార్లు సర్దారు. రెండుసార్లూ రెండు వారాలు తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొచ్చింది. కొత్త కిచెన్ చేయించే ఉద్దేశం లేదు, ఉన్నవాటినే తేలిగ్గా వాడుకునేలా చేసుకోవాలి. మూలన ఉన్న కేబినెట్‌లో గుండ్రంగా తిరిగే అర పెట్టించమంటారా అని చివర్లో అడిగారు.

కేబినెట్లు చేయడం, బిగించడం, పాడైనవి బాగుచేయడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది. మీ సమస్య నాకు బాగా తెలిసినదే, మా ఇంట్లోనూ చాలాకాలం ఉండేది. ముందుగా చెప్పేదేమిటంటే, ప్రస్తుతానికి ఇంకో బుట్ట కూడా కొనకండి. కొన్నవి ఒక పక్కన పెట్టండి. వాటిలో కొన్ని తర్వాత పనికొస్తాయి, కొన్ని రావు.

రెండు వారాలకే ఎందుకు చెదిరింది? సర్దేటప్పుడు అందరం ఆలోచించేది ఒక్కటే, "కావాలన్నప్పుడు దొరుకుతుందా?" అని. నిజానికి తీసుకోవడం దగ్గర పెద్ద గొడవ రాదు. వంట మొదలుపెట్టేటప్పుడు మనిషికి ఓపిక ఉంటుంది. వంగి, ముందున్న నాలుగు గిన్నెలు పక్కకు జరిపి, వెనకున్నది లాగుతాం. గొడవంతా తిరిగి పెట్టేటప్పుడు. తిన్నాక, అంట్లు తోమాక, నడుం లాగుతుంటే ఆ గిన్నె మళ్లీ తన చోటికి వెళ్లాలంటే ముందు నాలుగూ తీయాలి, దీన్ని లోపలికి తొయ్యాలి, ఆ నాలుగూ మళ్లీ పేర్చాలి. ఎవరూ చేయరు. నేనూ చేయను. కనిపించిన ఖాళీలో కుక్కేసి తలుపు మూసేస్తాం. పది రోజులు అలా జరిగితే మీరు ఆదివారమంతా పడ్డ కష్టం గంగలో కలిసినట్టే.

అందుకే నేను ఇప్పుడు ఏ కేబినెట్‌నైనా తిరిగి పెట్టడానికి ఎన్ని కదలికలు పడతాయనే చూస్తాను. తలుపు తెరవడం ఒకటి, పెట్టడం రెండు. రోజూ వాడే వస్తువుకి అంతకు మించకూడదు. వారానికోసారి వాడేదానికి ఇంకొకటి పెరిగినా ఫరవాలేదు, ఏడాదికోసారి వాడేదానికి స్టూలెక్కినా తప్పులేదు. లెక్క కోసం పుస్తకం అక్కర్లేదు. ఈ రాత్రి అంట్లు సర్దేటప్పుడు ఏ వస్తువు దగ్గర మీకు విసుగొచ్చిందో గమనించండి, చాలు. ఆ విసుగొచ్చిన చోటే పని మొదలుపెట్టాలి.

అన్ని కేబినెట్లూ ఒకేసారి ఖాళీ చేయొద్దు. మధ్యాహ్నానికి నేలంతా సామాను, సాయంత్రానికి "ఏదో ఒకటి, లోపలికెళ్తే చాలు" అనే స్థితి. ఒకసారికి ఒక్క కేబినెట్. తీసినవాటిలో చాలాకాలంగా వాడనివి ఒక అట్టపెట్టెలో వేసి, పైన తేదీ రాసి, వంటింటి బయట పెట్టండి. పారేయమని అనడం లేదు. కావాల్సొస్తే వెళ్లి తెచ్చుకోండి. మూడు నెలలైనా ఆ పెట్టె జోలికి వెళ్లకపోతే ఏం చేయాలో మీకే తెలుస్తుంది. ఇంట్లోవాళ్లతో వాదన కూడా తప్పుతుంది. పారేద్దాం అంటే గొడవ, పక్కన పెడదాం అంటే ఎవరూ మాట్లాడరు.

ఇక చోట్ల సంగతి. నిలబడి, వంగకుండా, మడమలెత్తకుండా చెయ్యి చాపితే అందేది నడుం నుంచి భుజం దాకా ఉన్న మేర. వంటింట్లో ఆ మేరలో ఉండేవి పై కేబినెట్ల కింది అర, కింది కేబినెట్ల పై సొరుగు, గట్టు మీది చోటు. ఇంతే. అది చాలా తక్కువ స్థలం. అందమైన కప్పుల సెట్టు, పండగకు తీసే పెద్ద గిన్నె అక్కడ ఉన్నాయంటే రోజూ వాడేవి వంగి తీస్తున్నారన్నమాట. ముందు వాటిని అక్కడి నుంచి కదపండి. ఇంట్లో భుజం నొప్పి ఉన్నవాళ్లో, పొట్టివాళ్లో ఉంటే వాళ్లను నిలబెట్టి కొలవండి. మీకు అందుతుందని వాళ్లకు అందదు. బరువైనవి మాత్రం ఎప్పుడూ తల కంటే పైన వద్దు, అందినా సరే.

పళ్లేలు, గ్లాసులు ఎక్కడుండాలి అంటే చాలామంది తినే చోటికి దగ్గరగా అంటారు. నేను ఒప్పుకోను. తోమిన గిన్నెలు ఆరే చోటికి దగ్గరగా ఉండాలి. తినేటప్పుడు ఎవరి పళ్లెం వాళ్లు తెచ్చుకోవచ్చు, సర్దడం మాత్రం ఒక్కరి మీదే పడుతుంది. ఆరబెట్టే స్టాండు దగ్గర నిలబడి, అడుగు కదపకుండా పెట్టగలిగితే ఆ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, కింది కేబినెట్లు. వీటి లోతు సాధారణంగా 55 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. గట్టు అంత వెడల్పు ఉండాలి కాబట్టి కేబినెట్‌కీ ఆ లోతు వచ్చింది తప్ప, అంత లోతు అర మనకు కావాలని కాదు. వంగితే కనిపించేది ముందు సగమే. వెనక సగం చీకటి. అక్కడికి వెళ్లిన వస్తువు మన లెక్కలోంచి పోయినట్టే, ఉందని మరిచిపోయి ఇంకొకటి కొంటాం. కాబట్టి కింది కేబినెట్లలో చేయదగ్గ మంచి పని ఒకటే: వెనకున్నది మన దగ్గరికి వచ్చేలా చేయడం. అంటే సొరుగు.

తలుపు, లోపల అరలు ఉన్న పాత కేబినెట్‌లో కూడా సొరుగులు పెట్టొచ్చు. తలుపు అలాగే ఉంచి, అర స్థానంలో లాగే ట్రే బిగిస్తే సరి. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. పని కొత్తలో ఒకచోట కేబినెట్ లోపలి వెడల్పు కొలిచి ట్రేలు చేసుకెళ్లాను. 60 సెంటీమీటర్ల కేబినెట్, పక్క చెక్కలు 18 మిల్లీమీటర్లు, లోపల 56.4 వచ్చింది. ఛానెళ్ల (ట్రే లోపలికీ బయటికీ జారేందుకు రెండు పక్కలా బిగించే ఇనుప పట్టాలు) మందం తీసేసి చక్కగా సరిపోయేలా చేశాను. బిగించాక లాగితే రాలేదు. తలుపు తెరిచినా దాని అంచూ, హింజూ (తలుపుని కేబినెట్‌కి కలిపే బందు) లోపలి వెడల్పులోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ట్రే వాటికి తగిలి ఆగిపోయింది. మూడు ట్రేలూ వెనక్కి తీసుకెళ్లి కోసి మళ్లీ చేశాను.

కాబట్టి కొలిచేటప్పుడు తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో అంతా తెరిచి, అప్పుడు అడ్డం లేకుండా మిగిలిన వెడల్పు ఎంతో చూడండి. అదే మీ కొలత. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి చిన్నదాన్ని తీసుకోండి. హింజు ఉన్న పక్క ఛానెల్ వెనక ఒక చెక్కపట్టీ వేసి ముందుకు జరపాలి. లేదంటే తలుపును పూర్తిగా పక్కకు తీసుకుపోయే 155 లేదా 165 డిగ్రీల హింజులు దొరుకుతాయి, అవి మార్చుకోవాలి. పక్కకు బిగించే మామూలు బాల్ బేరింగ్ ఛానెల్‌కి ఒక్కో వైపు 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం చోటు కావాలి. రెండు వైపులా కలిపి ఒక అంగుళం. ఇందులో రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా సొరుగు బిగుసుకుపోతుంది, లేదా ఊగుతుంది.

ఛానెల్ కొనేటప్పుడు పూర్తిగా బయటికొచ్చేదే తీసుకోండి. తక్కువలో దొరికే రోలర్ రకం ముప్పావు వంతే వస్తుంది. 50 సెంటీమీటర్ల సొరుగులో వెనక 12.5 సెంటీమీటర్లు లోపలే ఉండిపోతాయి. అక్కడ మళ్లీ అదే చీకటి. ఎంత బరువు మోస్తుందో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, మామూలువి 35 నుంచి 45 కిలోల వరకు. గిన్నెలకు ఇది సరిపోతుంది. కానీ ఆ బరువు మోయాల్సింది ఛానెల్ ఒక్కటే కాదు, ట్రే అడుగు కూడా. అడుగున 3 మిల్లీమీటర్ల పలచటి చెక్క కొట్టి పింగాణీ పళ్లేలు పేర్చితే ఏడాది తిరిగేలోపు అది కిందికి దిగుతుంది. బరువు సామానుకైతే కనీసం 9, వీలైతే 12 మిల్లీమీటర్లు వేయించండి.

వైరు బుట్టలా, చెక్క ట్రేలా అని అందరూ అడుగుతారు. నా ఓటు చెక్క ట్రేకే. వైరు బుట్టలో గాలి ఆడుతుంది నిజమే, కానీ సన్నటి చెంచాలు, చిన్న మూతలు సందుల్లోంచి జారతాయి, సీసాలు వంకరగా నిలబడతాయి. కూరగాయలకైతే వైరు బుట్ట బాగుంటుంది.

సొరుగులు చేయించడం ఇప్పుడు కుదరదంటే, చౌకగా అదే పని చేసే ఉపాయం ఉంది. కేబినెట్ లోతుకు సరిపడే పొడవైన, అంచులున్న ట్రేని అర మీద పెట్టి సామాను అందులో పెట్టండి. మొత్తం ట్రేని ముందుకు లాగి, పెట్టాల్సింది పెట్టి, వెనక్కి తోస్తారు. మీరు కొన్న బుట్టల్లో అలాంటివి ఉంటే అవే పనికొచ్చేవి. పొట్టిగా, లోతుగా, మూతలతో ఉన్నవి పనికిరావు. మూత తీయడం, మళ్లీ పెట్టడం రెండు కదలికలు. మూత ఉన్న బుట్ట పైన ఇంకో మూత ఉన్న బుట్ట పేర్చారంటే చెప్పక్కర్లేదు.

అరల ఎత్తు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి. కేబినెట్ పక్క చెక్కల లోపల వరసగా చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయా? చాలా కేబినెట్లలో ఉంటాయి. 5 మిల్లీమీటర్ల రంధ్రాలు, 32 మిల్లీమీటర్లకొకటి. అవి అర ఎత్తు మార్చుకోవడానికే. బిగించిన రోజు అర ఏ రంధ్రంలో ఉందో, చాలా ఇళ్లలో జీవితాంతం అక్కడే ఉంటుంది. గ్లాసుల పైన జానెడు గాలి, పక్క కేబినెట్‌లో పెద్ద గిన్నె పట్టక అడ్డంగా పడుకుని ఉంటుంది. అరను పిన్నుల మీంచి ఎత్తి, పిన్నులు మార్చి, మళ్లీ పెట్టడం ఐదు నిమిషాల పని. వస్తువు పైన చెయ్యి దూరేంత, అంటే ఐదారు సెంటీమీటర్లు వదిలితే చాలు. అలా జరుపుకుంటే ఒక్కో కేబినెట్‌లో ఇంకో అర పట్టేంత చోటు రావచ్చు. రంధ్రాలు లేకపోతే అర మీద పెట్టే చిన్న స్టాండు, బల్ల ఆకారంలో ఉండేది, అదే పని చేస్తుంది.

అర కొత్తగా వేసేటప్పుడు నిడివి చూసుకోండి. మొత్తం బరువు అంతే ఉన్నా, అర పొడవు రెట్టింపైతే మధ్యలో వంపు 8 రెట్లు అవుతుంది. అదే మందం రెట్టింపు చేస్తే వంపు 8వ వంతుకు పడిపోతుంది. 90 సెంటీమీటర్ల పొడవున్న 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) అర మీద పళ్లేలు పేర్చితే కొన్నాళ్లకు నడుం వంగుతుంది. మధ్యలో నిలువు చెక్క ఒకటి పెట్టండి, గొడవ తీరిపోతుంది. వంగిన అరను తిరగేసి పెడితే కొన్నాళ్లు గడుస్తుంది, కానీ అది తాత్కాలికమే.

మూతలు, పెనాలు, పెద్ద ట్రేలు ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకండి. అడుగుది కావాలంటే పైవన్నీ ఎత్తాల్సిందే. పుస్తకాల్లా నిలబెట్టండి. కేబినెట్‌లో నిలువుగా నాలుగు పలచటి చెక్కలు దింపితే చాలు, పళ్లేలు ఆరబెట్టే స్టాండు పాతది ఉంటే లోపల పెట్టినా చాలు. నా దృష్టిలో పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే. నాన్‌స్టిక్ పెనాలకు పూత గీసుకుపోయే బాధ కూడా తగ్గుతుంది.

పై కేబినెట్ల లోతు 30 నుంచి 35 సెంటీమీటర్లే కాబట్టి వాటితో పేచీ తక్కువ. ఒక వరసకు ఒక వరస అడ్డం రాకుండా, వెనక వరసను మెట్టు మీద ఎత్తితే సరిపోతుంది. స్టవ్‌కి సరిగ్గా పైన, పక్కన ఉన్న అరలో మాత్రం నూనె, మసాలా పొడులు పెట్టకండి. చేతికి దగ్గరని అందరూ అక్కడే పెడతారు. వేడికి నూనె త్వరగా చెడుతుంది, పొడులు వాసన కోల్పోతాయి, ఆవిరికి గడ్డకడతాయి. ఒక్క అడుగు పక్కకు, మూసే సొరుగులో పెట్టండి. పొడుల డబ్బాలు సొరుగులో నిలబెడితే పేరు మూత మీద రాయాలి. పక్కన రాస్తే ప్రతిదీ ఎత్తి చూడాల్సొస్తుంది.

పేర్లంటే గుర్తొచ్చింది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టిన ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ ఒక చిన్న వంటిల్లు రూపొందించారు. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఇప్పటి బిగింపు కిచెన్లకు అదే తాత అంటారు. అందులో సామాను పోసుకోవడానికి పిడి ఉన్న అల్యూమినియం సొరుగులు వరసగా ఉండేవి, ఒక్కోదాని మీద లోపల ఏం పోయాలో పేరు ముద్రించి ఉండేది. ఆలోచన గొప్పదే. కానీ మారని పేరు నాకు నచ్చదు. ఇంట్లో తినేవి మారతాయి, డబ్బాలో సామాను మారుతుంది. కాగితపు టేపు మీద పెన్నుతో రాసి అంటించండి, పీకి మళ్లీ రాసుకోవచ్చు. మీ ఇంట్లో మీరు ఒక్కరే వంట చేస్తే పేర్లూ అక్కర్లేదు. నలుగురు చేతులు పెడితే మాత్రం డబ్బాల మీదే కాదు, అర అంచు మీద కూడా రాయండి. వస్తువు లేనప్పుడు కూడా దాని చోటు కనిపించాలి కదా.

సింక్ కింద గురించి రెండు ముక్కలు. అక్కడ తినే సామాను వద్దు, చెమ్మ తప్పదు. పైపు వంపును తప్పించి రెండు పక్కలా ఎత్తు తక్కువ బుట్టలు పెట్టి, నీళ్లు కట్టేసే వాల్వు దగ్గర చోటు వదిలేయండి. పైపు పగిలిన రోజు అక్కడున్న సామానంతా తీశాక గానీ చెయ్యి పోదు అంటే అప్పటికి చెక్క తాగాల్సిన నీళ్లు తాగేస్తుంది. పార్టికల్ బోర్డు ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. అడుగున అంచున్న ప్లాస్టిక్ ట్రే వేస్తే లీకు ముందే తెలుస్తుంది. బ్లీచ్, యాసిడ్ సీసాలు పక్కపక్కన ఉంచకండి, రెండూ కారి కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్నపిల్లలుంటే వాటిని అసలు అక్కడ ఉంచొద్దు. అందనంత ఎత్తులో, గడియ పడే చోట పెట్టండి.

చాలామంది తలుపుల్ని పట్టించుకోరు. తలుపు సగం తెరుచుకుని ఆగినా, పక్క తలుపుకి రాసుకున్నా ఆ కేబినెట్‌ని వాడటం మెల్లగా మానేస్తాం, అది మనకే తెలియదు. లోపలి హింజు చూడండి, తలుపులోకి దిగిన 35 మిల్లీమీటర్ల గుండ్రటి గిన్నె లాంటిది ఉంటుంది. దాని నుంచి కేబినెట్‌లోకి సాగే ఇనుప చెయ్యి మీద తలుపుకి దగ్గరగా ఉన్న స్క్రూ తిప్పితే తలుపు కుడి ఎడమలకు జరుగుతుంది. వెనక స్క్రూ సడలిస్తే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కేబినెట్ గోడకు బిగించిన ప్లేటు స్క్రూలు సడలిస్తే పైకీ కిందికీ. పావు చుట్టు తిప్పండి, తలుపు వేసి చూడండి, మళ్లీ పావు చుట్టు. స్క్రూ పట్టు వదిలి ఊరికే తిరుగుతుంటే రంధ్రంలో జిగురు రాసిన అగ్గిపుల్లలు బిగువుగా దూర్చి, ఆరాక కోసేసి మళ్లీ బిగించండి. దీనికి మనిషిని పిలవడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే. పనిలో పనిగా పై కేబినెట్ గోడకు గట్టిగా ఉందో లేదో కూడా చూడండి. గోడకీ దానికీ మధ్య కొత్తగా సందు కనిపిస్తే ముందు సామాను దించేయండి, సర్దుడు తర్వాత. ఇది మాత్రం పనివాడిని పిలిచి చూపించాల్సిందే.

ఇక మీ మూల కేబినెట్. గుండ్రంగా తిరిగే అర బాగానే ఉంటుంది, కానీ చతురస్రంలో గీసిన వృత్తం ఆ చతురస్రంలో 78.5 శాతమే ఆక్రమిస్తుంది. మిగతా మూలలు వృథా. పైగా అంచు నుంచి జారిన వస్తువు వెనక పడిందంటే దాన్ని తీయడం నరకం. అంచు ఎత్తుగా ఉన్నదైతేనే తీసుకోండి. మూలలోంచి ముందుకు నడిచొచ్చే ఖరీదైన బుట్టల సెట్టు మా ఇంట్లో నేనే పెట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు. మా ఆవిడ అందులో పెట్టింది ఏడాదికి రెండుసార్లు తీసే సామాను! అడిగితే "ఆ మూలకు ఎవరు వెళ్తారు, స్టవ్ ఇక్కడుంటే" అంది. నిజమే, దూరం తగ్గించే ఛానెల్ ఎవరూ చేయలేదు.

అందుకని ఆ డబ్బుతో మూల జోలికి పోకండి. స్టవ్‌కి, సింక్‌కి మధ్య మీకున్న కింది కేబినెట్‌లో లాగే ట్రేలు రెండు వేయించండి. మూలలో పెద్ద పాత్రలు, అరుదుగా తీసేవి పెట్టి, ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసి తలుపు లోపల అంటించండి. ముందు ఆ ఒక్క కేబినెట్ పూర్తిచేసి నెల రోజులు వాడి చూడండి, తర్వాతిది అప్పుడు. ట్రేలు చేయించే ముందు మీ కొలతలు రాయండి, తలుపు తెరిచి కొలిచినవి. హింజులు ఎటువైపు ఉన్నాయో కూడా చెబితే పట్టీ ఎంత మందం వేయాలో చూసి చెబుతాను.